సీమ ప్రయాణానికి విజయనగరం సూత్రాలు

ఎండలు ముదిరాయంటే మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రెండు జాతుల జనం ఊరు విడుస్తారు. మొదటి జాతి గోనెసంచిలో నాలుగు బట్టలు, ఓ గిన్నె కుక్కుకుని చెన్నైకో హైదరాబాదుకో జనరల్ పెట్టెలో నిలబడి పోతుంది. రెండో జాతి చక్రాల పెట్టెలు దొర్లించుకుంటూ విశాఖ విమానాశ్రయంలో తేలి, అక్కణ్నించి యూరప్ పోతుంది. మొదటి జాతి మీద పత్రికలు ఏటా రాస్తూనే ఉంటాయి. అందుకే ఎవరూ చదవరు. రెండో జాతి తన గురించి తానే రాసుకోవాలి, తన ఫోటోలు తానే తీసుకోవాలి, తన పొగడ్త తానే చెప్పుకోవాలి. పాపం, ఆ శ్రమ కొంత తగ్గిద్దామనే ఈ పరోపకారం.

ఇదివరకు మావాళ్లు పది రోజుల్లో ఏడు దేశాలు చుట్టేసేవారు. ఏ చర్చి ఏ దేశంలోదో ఇంటికొచ్చి ఫోటోల వెనక తేదీలు చూసుకుంటేగానీ తెలిసేది కాదు. ఇప్పుడు ఎదిగారు. ‘ఒక్క బ్రిటనే, కానీ మూలమూలా’ అంటున్నారు. బ్రిటనంటే మన పాతవాళ్ల మాటలో సీమ. దక్షిణాన కార్న్‌వాల్ సముద్రపుటొడ్డు, నడుమ కాట్స్‌వోల్డ్స్ పల్లెలు, పైన లేక్ డిస్ట్రిక్ట్, ఇంకా పైకి స్కాట్లండు. లక్షలు పోసి స్కాట్లండు కొండలెక్కి ‘అచ్చం అరకే!’ అని పరవశించిపోతారు. విండర్‌మియర్ సరస్సు ఒడ్డున నిలబడి ‘మన తాటిపూడి జలాశయమే, కాస్త చలెక్కువ’ అని తేల్చేస్తారు. తాటిపూడి ఎప్పుడు చూశారండీ అని మాత్రం అడక్కండి. ఫోటోలో చూశారు.

స్టోన్‌హెంజ్ రాళ్ల ముందు గుంపుగా నిలబడి చేతులు చాపుతారు. అది ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో గైడు చెబుతుంటే వినయంగా తలూపుతారు. గార దాటాక వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయనీ, 1919లో వాటిని లోకానికి చూపించింది మన గిడుగు రామమూర్తేననీ చెప్పి చూడండి. ‘అక్కడ పార్కింగ్ ఉందా?’ అంటారు.

టూర్ కంపెనీలు వీళ్లకి ఏవో సలహాలిస్తుంటాయి. స్వెట్టర్లు తీసుకెళ్లండి, ఆవకాయని రెండు కవర్లలో చుట్టండి, పాస్‌పోర్టు నకలు దగ్గరుంచుకోండి. ఇవన్నీ శరీరానికి పనికొచ్చే సలహాలు. పరువుకి పనికొచ్చే శాస్త్రం వేరే ఉంది. దాని కోసం పరాయి పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. మన విజయనగరమే ఆ శాస్త్రానికి జన్మస్థానం. సూత్రాలు అయిదు. కంఠస్థం చేసుకుని విమానం ఎక్కండి.

మొదటి సూత్రం: చూడ్డానికి వెళ్లకు, చూపించుకోవడానికి వెళ్లు.

సూత్రకర్త పూసపాటి విజయానంద గజపతిరాజు. 1905లో కాశీలో పుట్టాడు. విజయనగరం సంస్థానాధీశుడి రెండో కొడుకు. చదివింది అజ్మీరు మేయో కాలేజీలో, ఆపైన ఇంగ్లండు హేలీబరీలో. పేరులో ఊరుంది కాబట్టి మనవాడే. లోకం ముద్దుగా ‘విజ్జీ’ అంది. సంస్థానం అన్నగారికి పోయింది. రాజ్యం లేని రాజకుమారుడికి ఏలుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా! క్రికెట్ దొరికింది.

ఆట రాకపోతే ఏం, ఆటగాళ్లను రప్పించుకోవచ్చు. గాంధీగారి శాసనోల్లంఘన దెబ్బకి 1930లో ఇంగ్లండు జట్టు రాక ఆగిపోతే, ఈయన సొంత జట్టు కట్టి జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ అంతటివాళ్లను పిలిపించి ఇండియా, సిలోను తిప్పాడు. వాళ్లు పరుగులు తీశారు, ఈయన పక్కన నిలబడ్డాడు. గొప్పవాడి పక్కన నిలబడితే సగం గొప్ప మనకొస్తుందన్న సత్యాన్ని, సెల్ఫీ పుట్టడానికి ఎనభై ఏళ్ల ముందే కనిపెట్టిన మహానుభావుడు. ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా మైదానంలో వైస్రాయి విల్లింగ్డన్ పేర పెవిలియన్ కట్టించి ఇచ్చాడు. దేవుడికి ముడుపు కడితే కోరిక తీరడం ఆలస్యమవుతుందేమో గానీ, వైస్రాయికి కడితే కాదు.

1932లో ఇంగ్లండు వెళ్లే జట్టుకి ఈయన్ని ‘ఉప ఉపనాయకుడి’గా వేశారు. అంత చిన్న కుర్చీలో కూర్చునే ఒళ్లు కాదది. ఆరోగ్యం బాగోలేదని ఆగిపోయాడు. 1936కల్లా ఓట్లు కూడగట్టుకుని నాయకుడే అయ్యాడు, ఆరోగ్యం కుదుటపడింది. ఓడెక్కినప్పుడు వెంట 36 సామాన్లు, ఇద్దరు నౌకర్లు ఉన్నారని క్రికెట్ చరిత్రకారులు రాశారు. లార్డ్స్‌లో ఒక టెస్టు, మాంచెస్టర్‌లో ఒకటి, ఓవల్‌లో ఒకటి. మిడిల్‌సెక్స్ చూశాడు, లాంకషైర్ చూశాడు, సర్రే చూశాడు. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్సులు ఆడి మొత్తం 33 పరుగులు తెచ్చాడు. అంటే సామానుకొక్క పరుగు లెక్కేసినా మూడు సామాన్లు ఖాళీగా తిరిగొచ్చాయి.

రెండో సూత్రం: నీకన్నా దారి తెలిసినవాణ్ని వెనక్కి పంపెయ్యి.

ఆ జట్టులో లాలా అమర్‌నాథ్ ఉన్నాడు. 1933లో బొంబాయిలో తన తొలి టెస్టులోనే శతకం కొట్టినవాడు. టెస్టుల్లో భారతదేశానికి అదే తొలి శతకం. 1936 యాత్రలో కూడా బ్యాటుతో, బంతితో దుమ్ము లేపుతున్నాడు. యాత్రా నాయకుడికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది? లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ మీద ఆటలో అతన్ని ప్యాడ్లు కట్టించి కూర్చోబెట్టి, ఒకరి తర్వాత ఒకర్ని ముందు పంపారు. చివరికి పొద్దుపోయాక అతని వంతొచ్చింది. ఆడి వచ్చినవాడు ప్యాడ్లు విసిరికొట్టి పంజాబీలో రెండు మాటలన్నాడు. అంతే. మేనేజరు మేజర్ బ్రిటన్-జోన్స్, నాయకుడు విజ్జీ కలిసి క్రమశిక్షణ పేరు చెప్పి, తొలి టెస్టు మొదలవక ముందే అతన్ని ఓడెక్కించి ఇంటికి పంపించేశారు.

లార్డ్స్ టెస్టులో అమర్‌సింగ్ ఆరు వికెట్లు తీసి ఇంగ్లండుని 134కే కూల్చాడు. మనం తొమ్మిది వికెట్ల తేడాతో ఓడాం. పంపేసినవాడు ఉండుంటే ఏమయ్యేదో అన్న చర్చ క్రికెట్ పిచ్చివాళ్లది. మనకు కావలసింది సూత్రం. అది గెలిచింది.

జట్టులో ఇంకో తెలుగువాడున్నాడు. కొఠారి కనకయ్య నాయుడు. కోస్తా నుంచి నాగపూరు వెళ్లి స్థిరపడ్డ కుటుంబం. 1932లో భారతదేశపు తొలి టెస్టు నాయకుడు. ఒక జట్టులో ఇద్దరు తెలుగువాళ్లుంటే మూడు ముఠాలుంటాయని మనకు తెలియంది కాదు. పొద్దున పలహారం దగ్గర నాయుడుగారిని అందరి ముందూ తూలనాడినందుకే బాకా జిలానీ అనే ఆటగాడికి ఓవల్ టెస్టులో చోటు దక్కిందని అప్పటివాళ్లు చెప్పుకున్నారు. అదే ఓవల్లో నలభై ఏళ్ల నాయుడుగారు గబ్బీ అలెన్ బంతి పొట్టకి తగిలినా నిలబడి 81 కొట్టాడు. అది ఆయన చివరి టెస్టు. నాయకుడుగారికి ఆ ఆటలో ఒకసారి ఒకటి, మరోసారి ఇంకొకటి వచ్చాయి. నిలకడ అంటే అదీ!

ఈ సూత్రాన్ని మన ప్రభుత్వ అధ్యయన యాత్రలు అక్షరాలా పాటిస్తాయి. చేపల రేవు ఎలా కడతారో చూడ్డానికి సీమకు బృందం బయల్దేరిందనుకోండి. అందులో సముద్రం తెలిసినవాడు ఉండకూడదు. ఉంటే అక్కడివాళ్లని ప్రశ్నలడుగుతాడు. ప్రశ్నలడిగితే మధ్యాహ్నం షాపింగుకి వేళ మించిపోతుంది. వంతెన చూడ్డానికి వెళ్లేటప్పుడు వంతెన కట్టే ఇంజనీరుని దింపేసి, తోడల్లుణ్ని ఎక్కించుకోవాలి. తోడల్లుడు ఏ వంతెన మీదైనా ఫోటో తీస్తాడు.

మూడో సూత్రం: అత్త సొమ్ము అల్లుడు దానం.

విజ్జీ దగ్గర బంగారు గడియారాలుండేవని కథలు. ఒక ఆటకి ముందు ఎదుటి నాయకుడికి ఓ గడియారం బహూకరిస్తే, ఆ మొహమాటంతో ఆ దొర కొట్టుకోవడానికి వీలైన బంతులు కొన్ని వేశాడట; గడియారం ఇచ్చాడు కదా అని రోజంతా అలా వెయ్యలేం కదా అని తర్వాత నొచ్చుకున్నాడట. మాంచెస్టర్ టెస్టులో విజయ్ మర్చంట్‌ను రనౌట్ చేయిస్తే బంగారు గడియారం ఇస్తానని ముస్తాక్ అలీకి ఆశపెట్టాడన్న కథా ఉంది. కథ ఎలా ఉన్నా, ఆ టెస్టులో ఆ ఇద్దరూ కలిసి తొలి వికెట్టుకి 203 పరుగులు జోడించారు, ఇద్దరూ శతకాలు కొట్టారు. టెస్టు డ్రా అయింది. గడియారం ఎవరి చేతికీ రాలేదు గానీ, దేశానికి కాస్త మంచి కాలం నడిచింది.

ఈ దానగుణం ఈయనతో మొదలైంది కాదు. ఇంట్లో వస్తున్నదే. 1866లో ఒరిస్సాని పీల్చి పిప్పి చేసిన కరువు పక్కనున్న గంజాం జిల్లానీ వదల్లేదు. ఇప్పటి శ్రీకాకుళం అప్పుడు ఆ గంజాంలో ఉంది. మరుసటి ఏడు, 1867లో, విజయనగరం మహారాజావారు తాగునీటి ఫౌంటెన్ ఒకటి కానుక ఇచ్చారు. ఎక్కడికి? ఇచ్ఛాపురానికా, సోంపేటకా? అబ్బే. లండన్ హైడ్ పార్కుకి. మార్బుల్ ఆర్చ్ పక్కన, లండన్ జనం దాహం తీరడానికి. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి చీర పెడతానన్నాడట. ఈయన అనడం కాదు, పెట్టాడు కూడా.

ఇచ్ఛాపురం, సోంపేటలున్న ఉద్దానం ఆయన జమీ కాదు కదా, ఆయనకేం సంబంధం అని మీరడగొచ్చు. సబబే. మరి హైడ్ పార్కు ఆయన జమీలో ఉందా?

ఆ ఫౌంటెన్‌ను 1964లో పీకేశారు. ఉద్దానం వాళ్లు దశాబ్దాలుగా కిడ్నీలు పోగొట్టుకుంటూ, నీళ్ల వల్లో మరి దేనివల్లో తేలక, డయాలసిస్ మంచాల మధ్య బతుకుతూ వచ్చారు. హిరమండలం జలాశయం నుంచి గొట్టాలు వేసి, 700 కోట్ల తాగునీటి పథకం ప్రారంభించింది 2023 డిసెంబరులో. లండన్‌కి నీళ్లిచ్చాక ఇంటి పక్కవాళ్లకి ఇవ్వడానికి మనకు 156 ఏళ్లు పట్టింది. మరీ తొందరపడకూడదు కదా.

న్యాయం చెప్పాలంటే ఆ వంశంవారు ఇంటి దగ్గర ఉండి చేసిన పనులు వేరే. విజ్జీ తండ్రిగారు 1919లో విజయనగరంలో పెట్టిన సంగీత కళాశాల ఇప్పటికీ నిలిచి ఉంది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ నేర్పాడు. ఘంటసాల అక్కడే చదువుకున్నాడు. సీమకు పంపిన సొమ్ము రాతికట్టడమై మాయమైంది. ఊళ్లో ఖర్చు పెట్టింది పాటై దేశమంతా తిరిగింది. ఈ లెక్క తెలిసీ సూత్రం మారలేదు. ఎందుకంటే పాటకు ‘సర్’ బిరుదు రాదు.

నాలుగో సూత్రం: సీమ పటం విప్పేటప్పుడు ఇంటి పటం మడిచి పెట్టు.

1936 ఏప్రిల్ 1. సీమలో ఏ కౌంటీ తర్వాత ఏ కౌంటీయో మన నాయకుడు చూసుకుంటున్న రోజుల్లో, ఇంటి దగ్గర పటం కత్తెర కింద ఉంది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. గంజాం జిల్లా రెండుగా చీలింది. బరంపురం, పర్లాకిమిడి అటు పోయాయి. శ్రీకాకుళం, టెక్కలి వైపు తాలూకాలు ఇటు వచ్చి విశాఖపట్నం జిల్లాలో పడ్డాయి. ఒకే ఇంట్లో అన్న ఒరిస్సా, తమ్ముడు మద్రాసు.

ఇందులో తమాషా ఏమిటంటే దీనికీ ఓ సీమ ప్రయాణమే మూలం. పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి 1930లో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్లాడు. ఆయన బిగ్ బెన్ చూశాడో లేదో తెలీదు గానీ, ఒడియావాళ్లకు వేరే రాష్ట్రం ఎందుకు కావాలో అక్కడివాళ్లకి చెప్పొచ్చాడు. పని పూర్తి చేసుకున్నాడు. 1937లో ఆ రాష్ట్రానికి తొలి ప్రధాని కూడా అయ్యాడు. ఒక గజపతి లండన్ వెళ్లి రాష్ట్రం తెచ్చుకున్నాడు. ఇంకో గజపతి లండన్ వెళ్లి 33 పరుగులు తెచ్చుకున్నాడు. పర్లాకిమిడి రాజాని మనం తిట్టుకోవడం దేనికి? సీమ ప్రయాణం ఎందుకు చెయ్యాలో తెలిసిన మనిషి. తిట్టుకోవలసింది, మనవైపు నుంచి అలాంటి పనిమీద ఓడెక్కిన గజపతి లేనందుకు.

సీమ వెళ్లని గిడుగు రామమూర్తి మాత్రం ఆ చీలికకి వెల కట్టాడు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో దశాబ్దాలు గడిపి, సవరల ఊళ్లు తిరిగి వాళ్ల భాషకి వ్యాకరణం రాసిన మనిషి. ఊరు ఒరిస్సాలో కలిసిందని 1936లో, డెబ్బై దాటిన వయసులో, ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్లిపోయాడు. ఆయన ప్రయాణానికి 36 సామాన్లూ లేవు, పత్రికల్లో ఫోటోలూ లేవు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి, ఆ సాయంత్రమే పిల్లాణ్ని తెలుగు లేని బడిలో చేర్పించి, అప్పు తీర్చుకుంటున్నాం.

ఈ నాలుగో సూత్రం మన యాత్రికులకి పుట్టుకతోనే వస్తుంది. థేమ్స్ మీద ఎన్ని వంతెనలో వేళ్ల మీద చెబుతారు. నాగావళి ఎక్కడ పుట్టిందంటే గూగుల్ చూస్తారు. బిగ్ బెన్ ముందు మెడ వెనక్కి వంచి ఫోటో దిగుతారు. విజయనగరం నడిబొడ్డున గంటస్తంభం 1885 నుంచి నిలబడి ఉంది. దాని కింద ఆటో ఆపి, ‘ఇక్కడ ఎప్పుడూ ట్రాఫిక్కే’ అని విసుక్కుంటారు.

అయిదో సూత్రం: తిరిగొచ్చాక కమిటీ వేయించుకో, ఆ పైన పదవి తీసుకో.

యాత్ర నడుస్తుండగానే విజ్జీకి ‘సర్’ బిరుదు వచ్చింది. జట్టు ఓడిపోతోంది, నాయకుడు గెలుస్తున్నాడు. ఇంటికొచ్చాక అమర్‌నాథ్ వ్యవహారం మీద గొడవైంది. బ్యూమాంట్ కమిటీ వేశారు. 1937 జనవరిలో అది నివేదిక ఇచ్చింది. తప్పు అమర్‌నాథ్‌ది కాదంది, నాయకత్వం అధ్వాన్నమంది. ఇంకేం, ఈయన పని అయిపోయిందనుకుంటున్నారా? మీరింకా సూత్రాలు సరిగ్గా చదవలేదు.

1947లో, దేశానికి స్వాతంత్ర్యం వచ్చే వేళకి, ఆ ‘సర్’ని వదిలేసుకున్నాడు. త్యాగం! దొరలు పోయాక దొర బిరుదు పెట్టుకుని ఏం చేస్తాడని అడిగినవాడు దేశద్రోహి. 1954లో క్రికెట్ బోర్డుకి అధ్యక్షుడయ్యాడు. 1958లో పద్మభూషణ్. 1962లో విశాఖపట్నం నుంచి లోక్‌సభ. రేడియోలో వ్యాఖ్యానం కూడా చెప్పాడు. తాను వేటాడిన పులుల గురించి ఒకసారి గొప్పలు పోతుంటే, వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్, మీ వ్యాఖ్యానం ట్రాన్సిస్టర్లో వినిపిస్తే పులులు విసుగెత్తి చచ్చాయేమో అన్నాడని ఓ కథ. ఆయన పేర యూనివర్సిటీల మధ్య ట్రోఫీ ఉంది. విజయనగరంలో స్టేడియం ఉంది. నాయుడుగారి 81 పరుగుల గురించి విజయనగరం కుర్రాణ్ని అడిగితే ‘ఎవరు?’ అంటాడు. స్టేడియం దారి అడిగితే చెబుతాడు.

కాబట్టి అధ్యయన యాత్ర చేసొచ్చిన వాళ్లెవరూ కమిటీకి భయపడనక్కర్లేదు. కమిటీ అంటే కుర్చీకి ముందు వేసే పీట. నివేదిక బీరువాలోకి వెళ్తుంది, యాత్రికుడు వేదిక మీదకి వస్తాడు. వచ్చి ఏమంటాడు? భీమిలి అవతల మత్స్యకారుల పల్లె చూపించి దీన్ని గోవా చేస్తానంటాడు. శ్రీకాకుళాన్ని స్విట్జర్లాండు చేస్తానంటాడు. ఇప్పుడు బ్రిటన్ మూలమూలా తిరిగొచ్చినవాడు ఉద్దానంలోని కవిటిని కార్న్‌వాల్ చేస్తాడు. కవిటిని కవిటిలా ఉండనిస్తానని ఒక్కడూ అనడు. తన కొబ్బరి తోటలో ఈ పెద్దమనిషికీ కాయ దింపేవాడికీ మాట ఎలా నడుస్తుందో ఊహించుకోండి.

‘ఏటి బావూ, సీమంతా తిరిగొచ్చినారంట. ఏటేటి సూసినారు?’

‘ఒరే, అక్కడ కుళాయి తిప్పి నీళ్లు తాగేయొచ్చురా. మరగపెట్టక్కర్లేదు, వడకట్టక్కర్లేదు.’

‘అలగా! మరా కుళాయి మా ఈదిలో ఎప్పుడెట్టిస్తారు బావూ?’

‘ముందు కాయలు దింపరా. అధికప్రసంగం!’

ఇంతటితో శాస్త్రం సమాప్తం. కానీ ఏ శాస్త్రానికైనా లొంగని మొండివాళ్లు కొందరుంటారు. వాళ్ల సంగతి చెప్పకపోతే దోషం.

ఒకడు కోడి రామమూర్తినాయుడు. 1882లో వీరఘట్టంలో పుట్టాడు. విజయనగరంలో పిల్లలకి వ్యాయామం నేర్పాడు. తర్వాత సొంత సర్కస్ పెట్టాడు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులు ఊపిరి బిగించి తెంపేవాడు, ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకునేవాడు, కదిలే కార్లను ఆపేవాడు. సీమ వెళ్లాడు. ఐదో జార్జి రాజు, మేరీ రాణి అతని బలం చూసి ముక్కున వేలేసుకున్నారు. స్పెయిన్లో ఎద్దు కొమ్ములు పట్టి పడేశాడని ఇప్పటికీ మావైపు ముసలాళ్లు చెబుతారు. ఇతను మొదటి సూత్రం తలకిందులు చేశాడు. చూపించుకోవడానికే వెళ్లాడు నిజమే, కానీ చూడ్డానికి అవతలివాళ్లు టిక్కెట్టు కొన్నారు. శిస్తు కట్టిన రైతు జేబులోంచి దమ్మిడీ తియ్యలేదు. ఇలాంటివాణ్ని ఆదర్శంగా పెట్టుకుంటే కష్టపడాల్సొస్తుంది. అందుకని శ్రీకాకుళంలో ఒక స్టేడియానికి పేరు పెట్టి ఊరుకున్నాం.

ఇంకో రకం మొండివాళ్లు డి. మత్స్యలేశం, దాని చుట్టుపక్కల పల్లెల గంగపుత్రులు. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. కానీ పెద్ద పడవ కట్టేసుకోవడానికి సరైన రేవు లేక, వీళ్లు ఏటా గుజరాత్ వేరావల్ పోయి పరాయి పడవల్లో వేటాడతారు. చేతిలో బ్రోచర్ లేదు, మెడలో కెమెరా లేదు. 2018 నవంబరులో అలా వేటకెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు సరిహద్దు గీత కనిపించని నీళ్లలో పాకిస్తాన్ వాళ్లకి చిక్కారు. ఏడాదికి పైగా కరాచీ జైలులో ఉండి, 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర నడిచి మన దేశంలోకి వచ్చారు. వాళ్ల కథతో సినిమా కూడా తీశారు. పెద్దమనుషులు మల్టీప్లెక్సులో చూసి కళ్లు తుడుచుకున్నారు. తుడుచుకున్న కర్చీఫు లండన్ ఆక్స్‌ఫర్డ్ వీధిలో కొన్నది.

రేవుల్ని అధ్యయనం చెయ్యడానికి సీమకెళ్లే బృందంలో ఈ ఇరవై మందిలో ఒక్కణ్ని తీసుకెళ్తే? రేవంటే ఏమిటో, అది లేకపోతే మనిషి ఎంత దూరం కొట్టుకుపోతాడో అక్కడి ఇంజనీర్లకే పాఠం చెబుతాడు. కానీ రెండో సూత్రం ఒప్పుకోదు. సముద్రం తెలిసినవాడు బృందంలో ఉండకూడదు.

విహారానికి వెళ్లేవాళ్ల మీద నాకేం కక్ష లేదు. సొంత డబ్బుతో స్కాట్లండు వెళ్లి అరకుని కనుక్కున్నవాళ్లు కనుక్కోనివ్వండి. తప్పిపోయిన వస్తువు ఎక్కడ దొరికినా దొరికినట్టే. నా గొడవ వేరే జాతితో. జమీ సొమ్ముతో ఓడెక్కినవాడూ, శాఖ సొమ్ముతో విమానం ఎక్కేవాడూ ఒకే ఇంటి మనుషులు. మొదటివాడి ఖర్చు శిస్తు కట్టిన రైతుది, రెండోవాడి ఖర్చు పన్ను కట్టే జనానిది. 1948లో జమీందారీలు రద్దు చేశాం గానీ జమీందారీ ప్రయాణాలు రద్దు చెయ్యడం మరిచిపోయాం.

అందుకని ఓ చిన్న విన్నపం. ఈ దసరాకో సంక్రాంతికో మీ ఊళ్లో సభ పెడతారు. సీమ నుంచి వచ్చిన పెద్దమనిషికి సన్మానం అంటారు. మైకు మీ దగ్గరికొస్తే నాలుగు ప్రశ్నలు వెయ్యండి. టిక్కెట్టు డబ్బు ఎవరిది? వెంట ఎవర్ని తీసుకెళ్లారు, ఎవర్ని దింపేశారు? అక్కడ చూసిందాంట్లో ఇక్కడ ఏది, ఏ తేదీకి వస్తుంది? రాకపోతే ఆ ఖర్చు ఎవరి జేబులోంచి తిరిగి కడతారు? జవాబు వచ్చేదాకా శాలువా మడత విప్పకండి. జవాబు చెప్పకుండా వెళ్లిపోతే, ఆ శాలువా తీసుకెళ్లి ఈ చలికాలం జనరల్ పెట్టెలో చెన్నై నుంచి తిరిగొచ్చే కూలీకి కప్పండి. అతని ప్రయాణం ఖర్చు అతనే పెట్టుకున్నాడు.